కారు ఏసీలో ముక్క వాసన: ఇప్పటిదాకా చేసిన పని

జూన్ చివర: తొలకరి పడ్డప్పటి నుంచి మా పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఏసీ వేయగానే, ఆరని బట్టలు మడతపెట్టినట్టు ముక్క వాసన. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఏసీ ఆపి ఒట్టి బ్లోయర్ నడిపితే మాత్రం మళ్ళీ గుప్పుమంటుంది. ఈ రెండో సంగతితోనే నాకు దారి దొరికింది. కూలింగ్ కాయిల్ చల్లగా ఉన్నంతసేపు గాలిలోని తేమ దాని మీద నీళ్ళుగా పడుతుంది. ఏసీ ఆపగానే కాయిల్ వేడెక్కి, ఆ నీళ్ళు ఆవిరవుతూ అక్కడ పెరిగిన బూజు వాసనను క్యాబిన్‌లోకి తెస్తాయి. అంటే సీట్లూ కాదు, డిక్కీ కాదు, డ్యాష్‌బోర్డ్ లోపలే ఉంది అసలు చోటు.

అందుకే సెంటు సీసాల జోలికి పోలేదు. మా ఆవిడ మాత్రం ఊరుకోక డ్యాష్‌బోర్డ్ మీద కర్పూరం బిళ్ళలు పెట్టింది. ముక్క వాసన, కర్పూరం కలిసి గుడి స్టోర్ రూములో కూర్చున్నట్టే ఉంది.

ఒక గ్యారేజీలో అడిగితే, "డ్యాష్ మొత్తం దింపాలె అన్నా, రెండు దినాలు పడ్తది, గ్యాస్ గూడ కొత్తది నింపాలె" అన్నాడు. కాయిల్ బయటికి తీయాలంటే గ్యాస్ తీయక తప్పదు, అది నిజమే. కానీ చల్లదనం బాగానే ఉన్న కారుకు ముందే అంత పని ఎందుకు? ఒకసారి దింపిన డ్యాష్‌బోర్డ్ ఆ తర్వాత గతుకుల్లో కటకటమనకుండా ఉండదని నా అభిప్రాయం. తేలికైన పనులు ముందు అయిపోనీ అనుకున్నాను.

మొదట డ్రెయిన్ పైపు. మన వరంగల్ వానాకాలపు ఉక్కలో ఏసీ ఓ పది నిమిషాలు నడిస్తే కారు కింద నీళ్ళు ధారగా కారాలి. మా కారు కింద నేల పొడిగానే ఉంది. ఎడమ సీటు ముందు మ్యాట్ ఎత్తి చూస్తే కార్పెట్ చెమ్మగా తగిలింది. కాయిల్ కింది తొట్టిలో నీళ్ళు బయటికి పోయే దారి లేక లోపలికి పొంగుతున్నాయన్నమాట. ఇంజిన్ చల్లారాక, ఇంటి ముందు ర్యాంపు మీద ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి కిందికి దూరాను. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని ఎవరూ కారు కిందికి పోవద్దు. క్యాబిన్‌కీ ఇంజిన్‌కీ మధ్య గోడలోంచి బయటికి వచ్చే వేలెడంత రబ్బరు గొట్టమే డ్రెయిన్. ఇనుప తీగ పెడితే తొట్టి చిల్లి పడొచ్చు. గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ దారాన్ని మెల్లగా తిప్పుతూ ఎక్కించాను. బురద నీళ్ళు భళ్ళున వచ్చాయి, వెంట కుళ్ళిన వేపాకు ముక్కలు. హనుమకొండలో మేముండే వీధిలో కారు నిలిపేది వేపచెట్టు కిందే. వైపర్ల దగ్గరి జాలిలో పడ్డ ఆకు నలిగి లోపలిదాకా పోయింది. జాలి కూడా దులిపాను.

కార్పెట్ కింది స్పాంజి ఆరడానికే ఎక్కువ రోజులు పట్టింది. ముసురు పట్టింది కదా. తలుపులు తీసిపెట్టి టేబుల్ ఫ్యాన్ తిప్పాల్సి వచ్చింది.

తర్వాత ఏసీ ఫిల్టర్. గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కి కిందికి వంచితే వెనకాల మూత, మూత వెనక ఫిల్టర్. తెల్లగా ఉండాల్సింది బూడిద రంగులో, మడతల్లో ఎర్రటి పొడితో వచ్చింది. అది మిర్చి దుమ్ము! నాకు ఎనుమాముల మార్కెట్‌లో పని. మిర్చి సీజన్ అంతా కారు అక్కడే నిలబడుతుంది, పత్తి వచ్చే రోజుల్లో దూది పీచు అదనం. 2025లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన మన చపాటా రకం మిర్చికి రంగే గానీ ఘాటు తక్కువ. తేజ రకం మిర్చి దుమ్ము అలా కాదు, ఫిల్టర్ దులిపానో లేదో తుమ్ములు ఆగలేదు. అది కడిగి వాడే రకం కాదు, కాగితం లాంటిది. మూడు నాలుగు వందల్లో కొత్తది దొరికింది. దాని మీద గాలి పోయే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటుంది, ఆ దిక్కుకే పెట్టాలి. కొన్ని పాత కార్లలో, బేసిక్ మోడళ్ళలో అసలు ఫిల్టరే ఉండదు, ముందు అది చూసుకోవాలి.

మా కారులో ఫిల్టర్ తీసేస్తే ఆ సందులోంచి కాయిల్ రెక్కలు కనిపిస్తాయి. ఫోన్ టార్చ్ వేసి చూస్తే మూలల్లో నల్లటి పొర. ఏసీ కాయిల్ కోసమే అమ్మే నురగ స్ప్రేను సన్న గొట్టంతో రెక్కల మీదికి కొట్టి, ఓ ఇరవై నిమిషాలు వదిలేశాను. ఇంజిన్, బ్లోయర్ రెండూ ఆపే ఉండాలి, బ్లోయర్ వైర్ల మీద తడి పడకూడదు. నురగ కరిగి డ్రెయిన్ గొట్టంలోంచి టీ రంగు నీళ్ళు కారాయి. డ్రెయిన్ ముందే బాగుచేయకుంటే ఇదంతా మళ్ళీ కార్పెట్‌లోకే వచ్చేది. తర్వాత అద్దాలు దించి బ్లోయర్ ఫుల్‌లో నడిపి, అప్పుడు కొత్త ఫిల్టర్ పెట్టాను. బాత్రూం కడిగే బ్లీచింగ్ వాడమని ఒకరు చెప్పారు. అల్యూమినియం రెక్కల్ని అది తినేస్తుంది, ఆ ఘాటు మన ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. వద్దు.

జులై: వాసన ముప్పాతిక వంతు పోయింది. మిగిలింది తెల్లవారి మొదటిసారి ఏసీ వేసినప్పుడే. రాత్రంతా కాయిల్ తడిగా ఉండిపోవడమే కారణం కాబట్టి, ఆపే ముందు ఆరబెట్టడం అలవాటు చేసుకుంటున్నాను. కాజీపేట వైపు నుంచి వస్తుంటే సుబేదారి దగ్గర ఏసీ ఆపి, బయటి గాలి తీసుకునే మోడ్‌లో బ్లోయర్ మాత్రం గట్టిగా పెడతాను. ఇల్లు చేరేసరికి కాయిల్ చాలావరకు ఆరుతుంది. మా అమ్మ పక్కన కూర్చుంటే ఇది కుదరదు. "ఏసీ ఎందుకు బంద్ చేసినవ్ రా, ఉడకపోస్తుంటే" అని ఒకటే పోరు. జోరు వానలో కూడా కుదరదు, ముందు అద్దం మసకబారుతుంది. అలాంటప్పుడు ఇంటి ముందు ఆరుబయట ఇంజిన్ నడుస్తుండగానే కాసేపు వేడి గాలి పెడుతున్నాను. మూసిన షెడ్డులో మాత్రం ఇలా చేయకూడదు, పొగ ప్రాణం తీస్తుంది.

ఇదంతా ముక్క వాసనకే. తియ్యటి వాసన వచ్చి అద్దం జిడ్డుగా మసకబారితే హీటర్‌లో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతున్నట్టు. పెట్రోలు వాసనైతే కారు కదపకుండా మెకానిక్‌ను పిలవాలి. కుళ్ళిన కంపైతే ముందు బ్లోయర్ దగ్గర ఎలుక ఉందేమో చూడాలి.

ఇంకా మిగిలిన పని: కాయిల్ అవతలి వైపు. ఫిల్టర్ సందులోంచి నురగ అక్కడిదాకా సరిగా చేరలేదు, డ్రెయిన్ గొట్టంలోంచి పొడవాటి ట్యూబు ఎక్కించి కొట్టాలి. ముసురు తగ్గాక పెట్టుకుంటాను. ఫిల్టర్ మాత్రం ఇకనుంచి ఏటా మిర్చి సీజన్ అయిపోయాక, తొలకరికి ముందు మారుస్తాను.