జామ్ చక్ నా పరువు తీసింది

లేత్ (చెక్కను గిరగిరా తిప్పే యంత్రం) మీద చేస్తున్న చెక్క గిన్నె అడుగు ఇందాకే పూర్తయింది. గడ్డం మీద దెబ్బ ఇంకా సలుపుతోంది, అందుకే ఈ వేడిలోనే రాసేస్తున్నా.

లోపలా బయటా తిప్పడం, అంటే తిరుగుతుండగా చెక్కడం అయ్యాక, చక్ (లేత్‌లో చెక్కను బిగించి పట్టుకునే భాగం) పట్టు కోసం అడుగున వదిలిన మొట్టు, అదే ఆ పొట్టి బొడిపె, తీసెయ్యాలి. దానికి గిన్నెను బోర్లించి పట్టుకునే పట్టు కావాలి, అదే జామ్ చక్. కొనడమెందుకు, నేనే చేసుకుంటా అనుకున్నా. ఫేస్‌ప్లేట్‌కి (లేత్‌కి తగిలించే లోహపు బిళ్ల) చెక్క దిమ్మ బిగించి గుండ్రంగా తిప్పడం పావుగంట పని.

దిమ్మలో గాడి తీసి గిన్నె అంచును అందులో ఇరికించడం దగ్గర మొదలైంది గోల. వీడియోల్లో వాళ్లు అరచేత్తో ఒక్కటి తడతారు, గిన్నె కూర్చుంటుంది. అంతకు ముందు ఎన్ని గిన్నెలు గోడకు కొట్టారో చూపించరు! నేను గిన్నె అంచు వెడల్పు కాలిపర్‌తో కొలిచా, 182 మిల్లీమీటర్లు. గాడి అంతే తీశా. గిన్నె వదులుగా ఊగింది. అంచుకు మాస్కింగ్ టేప్ చుట్టా, బిగిసినట్టే అనిపించింది. టెయిల్‌స్టాక్ (ఎదురు వైపు నుంచి మొనతో నొక్కి పట్టే భాగం) వెనక్కి లాగేసి లేత్ ఆన్ చేశా. గౌజ్ (గాడి ఉన్న ఉలి) ఆనిందో లేదో, గిన్నె ఎగిరొచ్చి గడ్డానికి తగిలి, మా బావ కాళ్ల దగ్గర దొర్లింది. ముఖానికి ఉండాల్సిన షీల్డ్ నుదుటి మీద టోపీలా ఉంది మరి.

"వడ్డించడానికా బావా, విసరడానికా?" అన్నాడు.

ఇంకో చుట్టు టేప్ వేశా. మళ్లీ ఎగిరింది. మూడోసారి గిన్నె తీసి ఇస్తూ అడిగాడు: "ఇటు కొలిచావు సరే, అటు కొలిచావా?" జన్మలో ఉలి పట్టని మనిషి! కొలిస్తే 177. పచ్చి చెక్కతో తిప్పి మూడు నెలలు ఆరబెట్టిన గిన్నె అది. చెక్క ఆరితే నార పొడవునా దాదాపు తగ్గదు, అడ్డంగానే తగ్గుతుంది. గిన్నె కోలగా మారిపోయింది. గుండ్రటి గాడిలో అది ఆనేది రెండే చోట్ల, టేప్ ఎంత చుట్టినా అంతే. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, చెయ్యి వెళ్లేటప్పుడు బుర్ర వెళ్లలేదు.

మర్నాడు ఒక్కణ్ణే కూర్చున్నా. గాడి జోలికి పోలేదు. దిమ్మ కొనను గిన్నె లోపలి వంపుకు తగ్గట్టు గుండ్రంగా చేసి, పాత మౌస్‌ప్యాడ్ ముక్క అతికించా. గిన్నెను దానికి ఆనించి, మొట్టు మధ్యలో మొదట్లో పడిన సెంటర్ గుంటలోకి టెయిల్‌స్టాక్ మొన నొక్కా. ఆ గుంటను ముందే చెరిపేశారా, మళ్లీ మధ్య వెతుక్కోవడం నరకం. అంచు కోలగా ఉంటే ఏం, పట్టు దానిమీద లేదుగా. స్పీడు తగ్గించి సన్నసన్నగా చెక్కా. అడుగు మధ్యలో కాస్త లోతు చేశా, ఊగకుండా. టెయిల్‌స్టాక్‌ని చివరిదాకా కదపలేదు. దాని కింద మిగిలిన వేలెడు బొడిపెను లేత్ ఆపి ఉలితో తీసి సాండ్‌పేపర్ పట్టా.

బల్ల మీద పెడితే కదలడం లేదు. బావకు ఇంకా చూపించలేదు.