ప్రతివాది తరఫు ఆఫీసులో నేర్చుకున్నదే మెయిన్స్‌లో రాశాను

తిరుపతిలో జేసీజే (జూనియర్ సివిల్ జడ్జి) పరీక్షకి ప్రిపేర్ అవుతున్న మిత్రులు ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "మూడేళ్లు కోర్టు చుట్టూ తిరుగుతుంటే ఇక చదివేదెప్పుడు?" 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసును మళ్లీ తప్పనిసరి చేసినప్పటి నుంచి ఈ టెన్షన్ పెరిగింది. ముందు ఒక ఊరట: ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క మొదలవుతుంది, ఏఐబీఈ (లాయర్లు రాసే ఆలిండియా బార్ పరీక్ష) పాసయ్యే దాకా ఆగక్కర్లేదు. పదేళ్ల ప్రాక్టీసున్న అడ్వొకేట్ ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆ జిల్లా ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ ధ్రువీకరించాలి. కాబట్టి వకాలత్‌లో (క్లయింటు లాయరుకిచ్చే అధికారపత్రం) మీ పేరు కూడా ఉండేలా మొదటి నుంచీ చూసుకోండి.

నేను చిత్తూరులో ప్రతివాదుల తరఫు దావాలు, అప్పీళ్లు ఎక్కువగా చూసే ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా ఉంటూనే మెయిన్స్ (రాత పరీక్ష) రాసి వైవా (ఇంటర్వ్యూ) దాకా వెళ్లాను. నా చదువులో సగం ఆ ఆఫీసులోనే జరిగింది. మీరు ఏ ఆఫీసులో చేరాలా అని ఆలోచిస్తుంటే అప్పీళ్లు ఉన్న ఆఫీసు చూసుకోమనే చెబుతాను.

ఎందుకంటే ప్రతివాది తరఫు పని మొదలయ్యేదే ఎదుటివాళ్ల ప్లెయింట్ (దావా పత్రం) చదవడంతో. సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు) వేయాలి, కారణాలు రాసి కోర్టు 90 రోజుల దాకా గడువివ్వచ్చు. బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకం) ఇది చిన్న రూల్. గడువు దగ్గర పడ్డాక క్లయింటు కాగితాల కట్టతో వచ్చి కూర్చున్నప్పుడు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 8 మొత్తం ఒంటబడుతుంది. స్పష్టంగా కాదనని అంశాన్ని ఒప్పుకున్నట్టే తీసుకుంటారని రూల్ 5 చెబుతుంది. అందుకే ప్లెయింట్‌లో ప్రతి పేరాకూ విడిగా జవాబు రాయిస్తారు మా సీనియర్. ఒక్క పేరా వదిలినా డ్రాఫ్టు వెనక్కి వస్తుంది.

ప్లీడింగ్ (దావాలోనూ జవాబులోనూ రాసుకున్న వాదన) విలువ తెలియాలంటే 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన అనతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి కేసు మొదటి నుంచి చివరి దాకా చదవండి. గైడ్‌లో ఉండే నాలుగు లైన్లు చాలవు. వరంగల్‌లో ఒక ఖాళీ స్థలం. సోదరుడు పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చాడంటూ ఒక ఆవిడ దాన్ని అమ్మింది. ఆ స్థలాన్నే తర్వాత సోదరుడి నుంచి వేరేవాళ్లు కొన్నారు. ఆవిడ దగ్గర కొన్నవాళ్లు టైటిల్ డిక్లరేషన్ (హక్కు తమదేనన్న ప్రకటన) అడగకుండా ఇంజంక్షన్ (అడ్డురాకుండా నిషేధ ఉత్తర్వు) కోసం మాత్రమే దావా వేశారు. ట్రయల్ కోర్టు డిక్రీ ఇచ్చింది. మొదటి అప్పీలులో పోయింది. సెకండ్ అప్పీలులో హైకోర్టు మళ్లీ ఇచ్చింది. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును పక్కన పెట్టింది. పసుపు కుంకుమ సంగతి ప్లెయింట్‌లోనే లేనప్పుడు, దానిమీద ఇష్యూ (కోర్టు తేల్చాల్సిన వివాదాంశం) కూడా లేనప్పుడు, సెకండ్ అప్పీలులో దాన్ని ఎలా తేలుస్తారన్నది అక్కడి ప్రశ్న. ఇంజంక్షన్ ఒక్కటే ఎప్పుడు చాలుతుంది, డిక్లరేషన్ ఎప్పుడు అడగాలి, సెకండ్ అప్పీలు గురించిన సీపీసీ సెక్షన్ 100 హద్దు ఎక్కడ, ప్లీడింగ్ లేని సాక్ష్యానికి విలువెంత - ఇన్ని విషయాలు ఒకే తీర్పులో దొరుకుతాయి. ఇలాంటి తగాదాలు మన చంద్రగిరిలోనూ పాకాలలోనూ చూస్తూనే ఉంటాం కాబట్టి చదివింది మరిచిపోరు.

ఇక అప్పీళ్లు. ఆర్డర్ 41 రూల్ 31 ప్రకారం అప్పీలు కోర్టు తీర్పులో తేల్చాల్సిన పాయింట్లు, వాటిపై నిర్ణయం, కారణాలు, కింది కోర్టు డిక్రీని మార్చితే ఎలాంటి రిలీఫ్ అన్నవి ఉండాలి. మెయిన్స్‌లో ప్రాబ్లమ్ ప్రశ్నలన్నీ ఈ వరసలోనే రాశాను. ముందు పాయింట్ ఏమిటో ఒక్క వాక్యంలో, తర్వాత సెక్షన్, తర్వాత వాస్తవాలకు దాన్ని వర్తింపజేయడం, చివర్లో జవాబు. ఇది అలవాటవ్వాలంటే ఆఫీసులో పాత అప్పీలు కట్ట తీసి, తీర్పు చూడకుండా గ్రౌండ్స్ (అప్పీలు కారణాలు) మాత్రం చదివి, పాయింట్లు మీరే రాసుకోండి. ఆ తర్వాతే తీర్పు తెరిచి పోల్చుకోండి. నాకు ఇంతకంటే ఉపయోగపడిన ప్రాక్టీసు లేదు.

లిమిటేషన్ (కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు) కూడా అలాగే పట్టుబడింది. సివిల్ డిక్రీపై అప్పీలుకు హైకోర్టుకైతే 90 రోజులు, మిగతా కోర్టులకు 30. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు సెక్షన్ 12 కింద మినహాయిస్తారు. కాపీ అప్లికేషన్ వేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ చూసి గడువు లెక్కగట్టే పని జూనియర్లదే. అడిగి మరీ ఆ పని తీసుకోండి.

క్రిమినల్ పేపర్‌లో 2024 జులై 1 తర్వాత పాత నంబర్లు బాగా తికమక పెడతాయి. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 438 ముందస్తు బెయిల్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 438 రివిజన్. పాత 482 హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు, ఇప్పుడు 482 ముందస్తు బెయిల్. ఆ అధికారాలు 528కి వెళ్లాయి. స్క్రీనింగ్‌లో (తొలి వడపోత పరీక్ష) ఇలాంటి చోటే మార్కులు పోతాయి. పట్టికలు బట్టీ పట్టడం నాకు కుదరలేదు, ఒక చెక్ బౌన్స్ అప్పీలు పట్టుకున్నాక కుదిరింది. శిక్ష పడిన ముద్దాయికి అప్పీలు 415 కింద, శిక్ష నిలుపుదల 430 కింద, దాంతోపాటు ఎన్‌ఐ యాక్ట్ (చెక్ బౌన్స్ కేసుల నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం) సెక్షన్ 148 ప్రకారం ఫైన్ లేదా నష్టపరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్. నిర్దోషిగా విడుదలైన తీర్పుపై అప్పీళ్లకు చంద్రప్ప వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక, 2007 చదవండి. విడుదలతో నిర్దోషిత్వ భావన ఇంకా బలపడుతుందన్న మాట ముద్దాయి తరఫున పనిచేసేవాళ్లకు రోజూ అవసరం.

ఇంగ్లిష్ పేపర్‌లో అనువాదం ఉంటుంది. హైకోర్టు అప్పీళ్ల కోసం పాత క్రయదస్తావేజుల్ని ఇంగ్లిష్‌లోకి మార్చే పని మాకు తరచుగా వచ్చేది. చెక్కుబందీలతో (స్థలం నాలుగు వైపుల హద్దులు) సహా అంతా రాసి సీనియర్ గారితో దిద్దించుకున్నాను. కోచింగ్‌లో ఇది దొరకదు.

టైం విషయానికొస్తే, తిరుపతి - చిత్తూరు బస్సులో పొద్దున బేర్ యాక్ట్, రాత్రి ఒక జవాబు రాయడం. అంతకు మించి కోర్టు రోజుల్లో కుదరలేదు, శని ఆదివారాలే అసలు చదువు. మెయిన్స్ ముందు సెలవు అడగడానికి మొహమాటపడకండి. మీ వాయిదాలు ఎవరు చూస్తారో తోటి జూనియర్‌తో ముందే మాట్లాడుకొని, ఏ కేసు ఏ దశలో ఉందో కాగితం మీద రాసిచ్చి వెళ్లండి.