కరెంటు సిలువ మీద చనిపోతుందా?

100కు 31. పాస్ కావాలంటే 40 రావాలి. జవాబు పత్రాల కవరు విప్పినప్పుడు దుకాణంలో ముగ్గురు రైతులు కాలిపోయిన మోటార్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. కవరును గల్లాపెట్టెలో పడేసి పని చూసుకున్నాను. రాత్రి షట్టరు దించాక తీసి చూస్తే, అయిదో ప్రశ్న పక్కన ఎర్రసిరాతో ఒక్క వాక్యం ఉంది: "కరెంటు సిలువ మీద చనిపోతుందా?"

నాది నల్లగొండ జిల్లా చండూరులో మోటారు వైండింగ్ దుకాణం. ఆదివారాలు మాత్రం మర్రిగూడ వైపు ఉన్న మా ఊరి క్రైస్తవ సంఘంలో వాక్యం చెబుతాను. మా పాస్టరు అయ్యగారు నాలుగు ఊళ్లు చూసుకోవాలి కాబట్టి అన్ని ఆదివారాలూ మా ఊరికి రాలేరు. ఆయన రాని వారం ఎవరో ఒకరు నిలబడాలి. చదవడం వచ్చు, గొంతు ఉంది అని నన్ను నిలబెట్టారు. అలా పదేళ్లు గడిచాక, వాక్యం చెప్పేవాళ్లందరూ పోస్టులో నడిచే రెండేళ్ల వేదాంత కోర్సు చదవాల్సిందేనని పెద్దలు తీర్మానించారు. ఆరు పేపర్లు, చివర మౌఖిక పరీక్ష. పాత నిబంధన, కొత్త నిబంధన ఎలాగో గట్టెక్కాయి. సంఘ చరిత్రలో, 19వ శతాబ్దం చివర రష్యా నుంచి వచ్చి నల్లగొండలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతుల గురించి అడిగారు. చిన్నప్పటి నుంచి విన్న సంగతే, పేజీలు నింపాను. దెబ్బ తిన్నది క్రీస్తు సిద్ధాంతం పేపర్లో.

అయిదో ప్రశ్న ఇది: "వాక్యము శరీరధారియాయెను అన్నదాన్ని వివరించండి." దేవుని వాక్కైన క్రీస్తు మనిషి అయ్యాడన్న మాట అది. నాకు చాలా తేలిక అనిపించింది. ప్రతి క్రిస్మస్‌కూ చెప్పే ఉదాహరణే రాశాను. మోటారు ఉత్త ఇనుము, రాగి. దానంతట అది తిరగదు. లోపలికి కరెంటు వస్తే నీళ్లు పైకి వస్తాయి. అలాగే యేసు శరీరం మనలాంటిదే, లోపల పనిచేసింది దైవశక్తి. మా సంఘంలో ఈ ఉదాహరణ అంటే ప్రాణం. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా మోటారు కథ చెప్పమని అడిగేవాళ్లు. దానికి వచ్చినవి సున్నా మార్కులు.

కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. ఆ పేపరు దిద్దింది నల్లగొండలో ఉంటున్న ఒక విశ్రాంత పాస్టరు అని తెలిసి, సోమవారం దుకాణం మూసి బస్సెక్కాను. పోట్లాడదామనే వెళ్లాను. ఆయన టీ ఇప్పించి, నా వృత్తి గురించే అడగడం మొదలుపెట్టారు.

"మోటారు ఎందుకు కాలుతుంది?"

"వోల్టేజీ తక్కువైతే వైండింగ్ వేడెక్కి కాలుతుందయ్యగారూ."

"కాలినప్పుడు కరెంటుకు ఏమవుతుంది?"

"ఏమీ కాదు. దానికేమవుతుంది?"

"అయితే సిలువ మీద కాలిపోయింది వైండింగ్ ఒక్కటే. కరెంటు సురక్షితంగా సబ్‌స్టేషనులో ఉంది. మరి మనకోసం ప్రాణం పెట్టింది ఎవరు నాయనా?"

జవాబు లేక టీ తాగాను.

నా ఉదాహరణకు పదహారు వందల ఏళ్ల వయసుందని ఆయన చెప్పారు. 4వ శతాబ్దంలో సిరియాలోని లవొదికయకు అపొల్లినారిస్ అనే బిషప్పు ఉండేవాడు. చెడ్డవాడు కాదు, క్రీస్తు దేవుడు కాదన్నవాళ్లతో గట్టిగా వాదించినవాడే. అయితే క్రీస్తు శరీరం మనిషిదే గాని, మనిషికుండే బుద్ధి స్థానంలో దేవుని వాక్కే ఉందని బోధించాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన బిషప్పుల సభ ఆ బోధను తోసిపుచ్చింది. నేను కరెంటు అన్నది అదే. మనిషి బుద్ధి లేకపోతే, "యేసు జ్ఞానమందును, వయస్సునందును" వర్ధిల్లాడని లూకా రాసింది ఎవరి గురించి? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో భయపడింది ఎవరు? కరెంటు వర్ధిల్లదు, భయపడదు. ఆయన ఇవన్నీ అడుగుతుంటే నేను పదేళ్లుగా ఎంత మందికి ఈ కథ చెప్పానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"దేవుని స్వభావం చచ్చిందని అనడం లేదు," అని కూడా జాగ్రత్తగా చెప్పారు. "చనిపోయినవాడు ఎవరు అంటే మాత్రం దేవుని కుమారుడే అనాలి. ఆయన మానవత్వాన్ని తనదిగా చేసుకున్నాడు. ఆ మానవత్వంలో ఆయనే చనిపోయాడు. అది ఆయన ఇల్లు కాదు, ఆయన పనిముట్టూ కాదు."

రెండోసారి రాయడానికి ఆరు నెలల గడువుంది. ఈలోగా నెలకోసారి ఆయన దగ్గరికి వెళ్లాను. మొదట మాటలతోనే తంటా వచ్చింది. శరీరధారి అంటే మన చెవికి చొక్కా తొడుక్కున్నట్టు వినిపిస్తుంది. ధరించింది విడవవచ్చు కదా. యోహాను 1:14లో గ్రీకు మాట అంతకన్నా మొరటుగా ఉందట, వాక్యం మాంసం 'అయింది' అని. అలాగే "మన మధ్య నివసించెను" అన్న చోట ఉన్న క్రియ గుడారం అనే మాట నుంచి పుట్టిందట. దేవరకొండ వైపు నుంచి, పాలమూరు నుంచి కాంట్రాక్టు పనులకు వెళ్లి రోడ్డు పక్కన డేరాలు వేసుకునే వాళ్లు నాకు గుర్తొచ్చారు. అది చెబితే అయ్యగారు నవ్వి, ఈ ఉదాహరణ ఉంచుకో అన్నారు.

అవతారం అన్న మాట గురించి ఒక మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం. మన క్రిస్మస్ పాటల్లో నరావతారి అని హాయిగా పాడుకుంటాం. మాటకు మూలార్థం దిగిరావడం కాబట్టి తప్పేమీ లేదు. కాని మన ఇరుగుపొరుగు ఆ మాట వినగానే, ధర్మానికి హాని కలిగినప్పుడల్లా యుగయుగాన వచ్చే అవతారాలనే తలుచుకుంటారు. సంఘం చెప్పేది ఒక్కసారి జరిగిన సంగతి, అదీ తిరిగి విప్పనిది. లేచిన యేసు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. ఆరోహణమైనప్పుడు మనిషితనాన్ని కింద వదిలిపెట్టి పోలేదు. నేను ఉత్సాహంలో, "వాళ్ల దేవుళ్లది నటన, మన ప్రభువుది నిజం" అన్నాను. అయ్యగారు వెంటనే ఆపారు. "సీత కోసం రాముడు ఏడ్చింది నటన అని నీకెవరు చెప్పారు? పక్కవాడి మాట తగ్గించి మన మాట పెంచుకోకు. మనం ఏం నమ్ముతామో అది చెప్పు చాలు." మా వైపు వీధికూటాల్లో మాట్లాడేవాళ్లలో సగం మంది ఈ మాట వినవలసినవాళ్లే.

మా సంఘంలో విశ్వాస ప్రమాణం చదివే అలవాటు లేదు. అందుకని 325 నాటి నికయ బిషప్పుల సభ నాకు కేవలం తేదీగానే తెలుసు. అక్కడ తగవు ఒక మాట గురించి. కుమారుడు తండ్రి సృష్టించినవాడని అలెగ్జాండ్రియా సంఘపెద్ద అరియస్ అన్నాడు. కాదు, తండ్రితో ఏకతత్వం కలవాడని సభ తేల్చింది. ఇందులో మన రక్షణకు ఏం సంబంధం? ఆ సభకు డీకనుగా వెళ్లి, తర్వాత అలెగ్జాండ్రియా బిషప్పుగా ఈ మాట కోసమే పోరాడుతూ అయిదుసార్లు దేశం వదలాల్సి వచ్చిన అతనాసియస్ చెప్పిన పోలిక బాగా పట్టుకుంది. పలక మీద గీసిన ఒకరి చిత్రం మరకలు పడి చెరిగిపోతే పలకను పారేయరు. ఆ మనిషే మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంటే అదే పలక మీద తిరిగి గీస్తారు. మనిషిని దేవుని పోలికలో చేశారు, పోలిక చెరిగింది. ఎవరి పోలికో ఆయనే రావాలి, దూతను పంపితే దూత ముఖం వస్తుంది. మోటారు కథ కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

451 నాటి కల్కెదోను సభ తీర్మానంలో నాలుగు 'లేకుండా'లు కంఠస్థం చేశాను. క్రీస్తు అనే ఒకే వ్యక్తిలో దేవునిదీ మనిషిదీ రెండు స్వభావాలు, కలగాపులగం కాకుండా, మార్పు చెందకుండా, విభజన లేకుండా, వేరుపడకుండా. పరీక్షకు పనికొస్తాయి. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ 1098లో పూర్తి చేసిన వాదం మాత్రం నాకు ఇప్పటికీ కొంచెం గొంతులో అడ్డు పడుతుంది. బాకీ పడింది మనిషి కాబట్టి మనిషే తీర్చాలి, తీర్చే తాహతు దేవుడొక్కడికే ఉంది, కనుక దేవుడే మనిషి కావాలి. తర్కానికి తిరుగులేదు. అయితే బోరు ఎండి, వడ్డీ పెరిగి, మోటారు నా దుకాణంలోనే వదిలేసి పోయిన రైతులను చూసినవాడికి, రక్షణ అనగానే బాకీ పుస్తకం తెరవడం రుచించదు. ఆన్సెల్మ్ మాట్లాడింది వడ్డీ గురించి కాదనీ, దేవునికి చెందవలసిన ఘనత గురించనీ అయ్యగారు చెప్పారు. సరే అన్నాను.

ఇన్ని చదివినా విషయం మనసుకెక్కింది ఇంట్లో, మా మేనత్త వల్ల. ఆమెకు నలభై ఏళ్లు రాకముందే నడుము వంగిపోయింది. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. మా వైపు భూగర్భ జలాల్లో ఎముకలు వంచే ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. మా ఊరి పాత బోర్లు దాన్ని ఎప్పుడో దాటేశాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీళ్లు బాగుచేసే పద్ధతి మా జిల్లా పేరుతోనే ఆఫ్రికా దాకా పోయింది. మా అత్త ఎముకలకు మాత్రం ఆలస్యమైంది. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉంటే ఆమె వాళ్లను నోరు తెరవమని అడిగి మరీ చూస్తుంది. ఆ బోర్ల మోటార్లు తిప్పి బతికినవాణ్ని నేను. ఈ ముక్క ఎక్కడో ఒకచోట రాయాలి కదా.

ఒక రాత్రి నేను గట్టిగా చదువుతుంటే వింటూ అడిగింది: "అల్లుడా, యేసయ్య మన ఊళ్లో పుట్టి మన బోరు నీళ్లు తాగి ఉంటే, ఆయన నడుము కూడా వంగేదా?"

కరెంటు కథ ప్రకారం అయితే, వంగదు. వంగినా ఆయనకు తెలియదు. నేను పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించి, "వంగేదత్తా" అన్నాను. ఆమె ఊ అని, దీపం ఆర్పేయమంది.

4వ శతాబ్దపు బిషప్పు, నాజియాన్జుకు చెందిన గ్రెగరీ, అపొల్లినారిస్ బోధ గురించి క్లెదోనియస్ అనే పెద్దకు రాసిన ఉత్తరంలో ఒక మాట ఉంది, ఆయన దేన్ని తనదిగా చేసుకోలేదో అది స్వస్థపడలేదు అని. అప్పటిదాకా అది నాకు జ్ఞాపకం పెట్టుకోవలసిన జవాబు. ఆ రాత్రి నుంచి దాన్ని చదివినప్పుడల్లా మా అత్త మెడ కనబడుతుంది. బుద్ధి వదిలేస్తే బుద్ధి బాగుపడదు, ఎముక వదిలేస్తే ఎముక బాగుపడదు.

రెండోసారి పరీక్షలో 63 వచ్చాయి. తర్వాత మౌఖికం. ముగ్గురు పాస్టర్లు బల్ల వెనక కూర్చున్నారు. ఒకాయన, "యేసుకు జ్వరం వచ్చేదా?" అని అడిగారు. చదువుకున్న జవాబు చెప్పాను. ఆకలి, దప్పి, అలసట, దుఃఖం, మరణం వంటి పాపంతో సంబంధంలేని సహజ బలహీనతలన్నీ ఆయన స్వీకరించాడని 8వ శతాబ్దంలో దమస్కు యోహాను రాశాడు. ఒక్కొక్కరికి ఒక్కో కారణంగా వచ్చే రోగాలు ఆయన తీసుకోలేదని 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అన్నాడు. అంతటితో ఊరుకోక మా అత్త ప్రశ్న కూడా చెప్పాను. దాంతో వాళ్లలో వాళ్లకే వాదన వచ్చింది. నిజమైన ఎముక అయితే నీళ్లు దాని మీద చేసే పని చేస్తాయి, అందులో పాపమేముంది అని ఒకరు. సువార్తలో లేనిది ప్రసంగ వేదిక మీద చెప్పకూడదని ఇంకొకరు. మూడో ఆయన గడియారం చూశారు. తేలకుండానే నన్ను బయటికి పంపి, పాస్ చేశారు.

ఆ డిసెంబరులో మొదటిసారి సర్టిఫికెట్ ఉన్నవాడిగా క్రిస్మస్ వాక్యం చెప్పాను. పశువుల తొట్టె నుంచి మొదలుపెట్టి, యాకోబు బావి దగ్గర అలసి కూర్చుని దాహానికిమ్మని అడిగిన మనిషి మీదుగా, సిలువ మీద "నేను దప్పిగొనుచున్నాను" అన్న మాట దగ్గర ఆపాను. ఆయన నడుము కూడా వంగేదా అన్నది చెప్పలేదు. రెండో పాస్టరుగారి మాటకు కట్టుబడ్డాను. మా అత్త కుర్చీలోంచి మనిషంతా తిరిగి నా వైపు చూసింది గాని, ఏమీ అనలేదు.

ఆరాధన అయ్యాక, లైన్‌మన్‌గా పనిచేసే కుర్రవాడొకడు గుమ్మం దగ్గర పట్టుకున్నాడు. "అన్నా, ఈసారి మోటారు చెప్పలేదేమిటి? మా అత్తగారింటి వాళ్లను దాని కోసమే తీసుకొచ్చాను."

"ఆ మోటారు కాలిపోయింది తమ్ముడూ" అన్నాను.

"అయ్యో, ఎవరి బోరుదన్నా?" అన్నాడు.