పెడల్ నొక్కితే పేజీ తిరగాలి

ఈ దేశం వచ్చి పీడీఎఫ్ వ్యూయర్ తయారుచేసే టీమ్‌లో చేరిన కొత్తలో ఎవరు ఏ ఫీచర్ అడిగినా నేను కాదనేవాణ్ని కాదు. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది, మీటింగ్‌లో నోరు తెరవాలంటేనే టెన్షన్. కాదని చెప్పి కారణాలు వివరించడం కన్నా సెట్టింగ్స్‌లో ఇంకో టిక్ బాక్స్ పెట్టెయ్యడం తేలిక. అలా ఏడాదిలో పది చేర్చాను. ఒకరోజు మా డిజైనర్ బోర్డు మీద లెక్క వేసి చూపించింది. ఒక్కో బాక్స్‌కు టిక్ ఉండొచ్చు, లేకపోవచ్చు. పదీ కలిస్తే 1,024 రకాలు. వాటిలో మేం టెస్ట్ చేసేది ఏ పదో పన్నెండో. మిగతావాటిలో తప్పులుంటే అవి బయటపడేది వాడేవాళ్ళ దగ్గరే.

ఆ లెక్క చూశాక నాకు నిద్రపట్టలేదు. మర్నాటి నుంచి ప్రతిదానికీ "ఎంతమంది వాడతారు?" అని అడగడం మొదలుపెట్టాను. స్క్రీన్ మీద ఒకసారికి ఒకే పేజీ చూపించే పద్ధతిని తీసేద్దామన్నదీ నేనే. దాదాపు అందరూ పేజీలన్నీ వరసగా కిందికి జరుపుకుంటూ చదివేవాళ్ళే. తీసేశాం. మెనూ శుభ్రంగా కనిపించింది.

రెండు వారాలకు ఒక పియానో కళాకారిణి పేజీ తిరగడం లేదని రాసింది. వీడియో కాల్‌లో చూపించమని అడిగితే వెంటనే ఒప్పుకుంది. స్టాండ్ మీద టాబ్లెట్, అందులో వాయించాల్సిన స్వరాల పీడీఎఫ్, కాలి దగ్గర చిన్న పెడల్. ఆ పెడల్ నిజానికి ఒక కీబోర్డే. నొక్కితే పేజ్ డౌన్ మీట నొక్కినట్టు సంకేతం పంపుతుంది, అంతే. ఆవిడ వాయిస్తూ పేజీ చివరికి వచ్చి పెడల్ తొక్కింది. పేజీ తిరగలేదు, ఒక స్క్రీన్ మేర జరిగి ఆగింది. స్వరాలు రాసే అయిదు గీతల్లో మూడు పైన కనిపించకుండా పోయి, రెండు మిగిలాయి. వాయించడం ఆగిపోయింది. రెండు చేతులూ అలాగే మీటల మీద ఉంచి, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

నాకు మొదటి ఏడాది ఒక ఆఫీసులో నింపిన ఫారం గుర్తొచ్చింది. పేరుకు ఇచ్చిన గళ్ళు అయిపోయాయి, నా పేరు ఇంకా అయిపోలేదు. అక్కడితో ఆపెయ్యమన్నారు. ఆ సగం పేరును తర్వాత ప్రతి కాగితంలోనూ సరిచేయించుకోవాల్సి వచ్చింది. ఆ గళ్ళు గీసినవాళ్ళు కూడా ఎంతమందికి సరిపోతే చాలునో లెక్క చూసుకునే ఉంటారు.

ఎంతమంది అన్నది అడగాల్సిందే. దానికన్నా ముందు, ఇది లేకపోతే ఆ మనిషి పని కొంచెం ఆలస్యమవుతుందా, పూర్తిగా ఆగిపోతుందా అన్నది అడగాలి. పీడీఎఫ్ 1993లో వచ్చింది, 2008లో ఐఎస్ఓ 32000 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏ యంత్రంలో తెరిచినా పేజీ ఒకేలా ఉండాలన్నది దాని ఉద్దేశం. పేజీ రూపాన్ని చదివేవాళ్ళు తేలిగ్గా మార్చుకోలేరు కాబట్టి, వాళ్ళ అవసరాల భారమంతా వ్యూయర్ మీదే పడుతుంది. ఒక్యులార్ అనే వ్యూయర్‌లో కాగితం రంగు కూడా మార్చుకోవచ్చు. సుమత్రా పీడీఎఫ్ అనే ఇంకో వ్యూయర్ అరుదైన సెట్టింగ్స్‌ను ఒక టెక్స్ట్ ఫైల్లో ఉంచుతుంది. వెతుక్కునేవాళ్ళకు దొరుకుతాయి, మిగతావాళ్ళకు అడ్డం రావు. నాకు ఆ పద్ధతి చాలా ఇష్టం.

మేం మాత్రం కొత్త బాక్స్ పెట్టలేదు. ఫుల్ స్క్రీన్‌లో పేజ్ డౌన్ నొక్కితే పేజీ మొత్తం తిరిగేలా చేశాం. పియానో ఆవిడ సంతోషించింది. నాలుగు రోజులకు చూపు తక్కువున్న ఒకాయన రాశారు. ఆయన ఫుల్ స్క్రీన్‌లో 400 శాతం పెద్దది చేసుకుని చదువుతారు. మేం చేసిన మార్పుతో, ఇంకా చదవని ముప్పాతిక పేజీని దాటేసి తర్వాతి పేజీకి వెళ్ళిపోతోంది. ఒకరి పని నడిపించబోయి ఇంకొకరి పని ఆపేశాం. మళ్ళీ కూర్చున్నాం. పేజీ మొత్తం స్క్రీన్‌లో పట్టి ఉంటే తిరగాలి, పట్టకపోతే జరగాలి. రాస్తే కొద్ది లైన్ల కోడ్, దానికి మూడు మీటింగులు పట్టాయి. మూడింటిలోనూ నేను మాట్లాడాను.

ఇప్పుడు ఆవిడే ఇంకోటి అడిగింది. పేజీలో కింది సగం వాయిస్తుండగా పై సగంలో తర్వాతి పేజీ వచ్చెయ్యాలట. వాయించేవాళ్ళకు అది ఎంత అవసరమో వీడియోలో చూశాను. దాన్ని టిక్ బాక్స్ లేకుండా ఎలా ఇవ్వాలో ఇంకా తోచలేదు. ఆ పని తాలూకు టికెట్ మా టీమ్ జాబితాలో నా పేరు మీదే తెరిచి ఉంది.