జామ్ గణితం: కోచింగ్ లేకుండా, బీడీల చాట పక్కన సాగిన నా ప్రిపరేషన్

ఐఐటీల్లో ఎంఎస్సీ ప్రవేశానికి జరిగే జామ్ పరీక్షలో గణితం పేపర్‌లో వచ్చిన మూడంకెల ర్యాంకుతో నాకు ఐఐటీ హైదరాబాద్‌లో ఎంఎస్సీ సీటు తొలి విడతలోనే వచ్చింది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో బీఎస్సీ చదువుతూ, ఇంటి పరిస్థితి చూసుకొని, ఈ పరీక్ష మన స్థాయిది కాదనుకొని దరఖాస్తు గడువును దాటిపోనిచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ముఖ్యంగా వారి కోసమే ఇది రాస్తున్నాను. సిలబస్, ప్రశ్నపత్రం తీరు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి ఎక్కువగా వెళ్లను. కోచింగ్‌కు వెళ్లే స్తోమత లేక, రోజూ కొన్ని గంటలు ఇంటి పనికి ఇవ్వక తప్పని విద్యార్థికి ఈ పరీక్షలో మార్కులు ఎక్కడ దొరుకుతాయన్నదే నేను చెప్పదలచుకున్న విషయం.

మాది నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి బతికే కుటుంబం. గల్ఫ్‌లో భవన నిర్మాణ పనికి వెళ్లిన బాపు, నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నడుము దెబ్బతిని తిరిగి వచ్చారు. వెళ్లేటప్పుడు చేసిన అప్పు అప్పటికి సగం కూడా తీరలేదు. అప్పటి నుంచి ఇల్లు అమ్మ చేతుల మీదే నడిచింది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ ఇంటర్మీడియట్‌లో ఏడాదికి 3,000 రూపాయలు వచ్చేది. నా పుస్తకాలూ బస్సు పాసూ దానితోనే గడిచాయి. ఇంటర్ బోర్డు పరీక్షల్లో పైనున్న ఒక శాతంలో నిలవడంతో డిగ్రీలో మౌలిక శాస్త్రాలు చదివేవారికి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వచ్చింది. అది ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 చదువుకు నేరుగా ఇచ్చేది, మిగిలిన 20,000 వేసవిలో చేసే పరిశోధన ప్రాజెక్టుకు ఇచ్చేది.

అంత డబ్బు ఒక్కసారి ఖాతాలో పడేసరికి బంధువుల్లో చర్చ మొదలైంది. అప్పుల్లో ఉన్న ఇంట్లో ఆడపిల్ల పేరిట డబ్బు పెట్టుకొని కూర్చోవడమేమిటని కొందరు, డిగ్రీ కాగానే బీఈడీ చేయించి ఏదైనా బడిలో చేర్పించమని మరికొందరు అన్నారు. అమ్మ మాత్రం నాతో, "అవి నీ సదువు పైసలు బిడ్డా, అప్పు నా చేతులు గడ్తయి" అంది. ఆ మాట విన్న తరువాత సాయంత్రాలు ఆమె పక్కన కూర్చొని బీడీలు చుట్టడం మానకూడదని నేనే నిర్ణయించుకున్నాను. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, తెల్లవారి కార్ఖానాలో లెక్క అప్పగించే పనిలో రెండు చేతులు తోడైతే అమ్మకు రాత్రి నిద్ర దక్కుతుంది. కాబట్టి నా ప్రిపరేషన్‌లో సాయంత్రం వేళలో పుస్తకానికి చోటు లేదు. ఆ వేళను చదువుకు ఎలా వాడుకున్నానన్నదే నా ర్యాంకుకు అసలు కారణమని నేను నమ్ముతున్నాను.

పాత ప్రశ్నపత్రాలు సాధించడం మొదలుపెట్టినప్పుడు ఎంసీక్యూలు (ఒకే సరైన ఐచ్ఛికం ఉన్నవి) కొంత శ్రమతో వచ్చేవి, న్యాట్ ప్రశ్నలు (జవాబును సంఖ్యగా రాయవలసినవి) లెక్క జాగ్రత్తగా చేస్తే వచ్చేవి, కానీ ఎంఎస్‌క్యూ (ఒకటికి మించి సరైన ఐచ్ఛికాలు ఉండగలిగే ప్రశ్నలు) విభాగంలో ఏమీ మిగిలేది కాదు. అక్కడ పది ప్రశ్నలకు ఇరవై మార్కులు. రుణాత్మక మార్కులు లేవు, అయితే నాలుగు ఐచ్ఛికాల్లో సరైనవన్నీ గుర్తిస్తేనే మార్కులు; మూడింట్లో రెండే గుర్తిస్తే సున్నాయే. అంటే సరైన దాన్ని పట్టుకోవడంతో పాటు, సరైనదిగా కనిపించే తప్పును కొట్టివేయగలగాలి. డిగ్రీ పరీక్షల్లో మనం సిద్ధాంతాన్ని ప్రవచించి నిరూపిస్తాం, పది మార్కులు వస్తాయి. ఆ సిద్ధాంతంలో ఒక్క నియమం తీసేస్తే ఏమవుతుందని మనల్ని ఎవరూ అడగరు. ఎంఎస్‌క్యూ అడిగేది సరిగ్గా అదే.

ఒక సాయంత్రం చాట ముందు కూర్చునే ముందు ఒక ప్రవచనాన్ని, అంటే నిజమో కాదో తేల్చవలసిన ఒక గణిత వాక్యాన్ని, మనసులో పెట్టుకున్నాను. ఒక అనుక్రమంలో (వరుసగా సాగే సంఖ్యల్లో) వరుస పదాల భేదం సున్నాకు చేరుతుంటే ఆ అనుక్రమం అభిసరిస్తుందా, అంటే ఒక విలువ దగ్గర స్థిరపడుతుందా? చేతులు ఆకు మీద ఉన్నాయి, కాగితం లేదు, కలం లేదు. కాసేపటికి n వర్గమూలం తట్టింది. n+1 వర్గమూలం నుంచి n వర్గమూలం తీసేస్తే వచ్చే భేదం, ఆ రెండింటి మొత్తంతో ఒకటిని భాగించినంత. అది సున్నాకు పోతుంది. కానీ n వర్గమూలం మాత్రం హద్దు లేకుండా పెరుగుతూనే ఉంటుంది. ప్రవచనం తప్పని తేలింది. అక్కడితో ఆపకుండా మరో ప్రశ్న వేసుకున్నాను: అనుక్రమం పరిబద్ధమని (విలువలు ఒక హద్దు దాటవని) కూడా చెబితే అప్పుడైనా అభిసరిస్తుందా? ఆ రాత్రి దారం కట్టడం అయిపోయేదాకా దీనికి సమాధానం దొరకలేదు. మరునాడు కళాశాలకు వెళ్లే బస్సులో దొరికింది. n వర్గమూలానికి సైన్ తీసుకుంటే చాలు. విలువలు ఎప్పుడూ -1, 1 మధ్యనే ఉంటాయి, వరుస పదాల భేదం సున్నాకు పోతుంది, అయినా అనుక్రమం ఆ రెండింటి మధ్య నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది తప్ప ఎక్కడా స్థిరపడదు.

ఆ రెండు ఉదాహరణలు నాకు ఒక అధ్యాయమంతా నేర్పాయని చెబితే అతిశయోక్తి కాదు. అప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఒక ప్రవచనాన్ని వెంట తీసుకొని చాట ముందు కూర్చునేదాన్ని. సమూహ సిద్ధాంతంలోది ఒకటి: సమూహం తప్ప దాని మిగతా ఉపసమూహాలన్నీ చక్రీయమైతే (ఒక్క మూలకం నుంచే పుట్టేవైతే) సమూహం వినిమయమవుతుందా (మూలకాల క్రమం మార్చినా లబ్ధం అదే వస్తుందా)? కాదు, మూడు గుర్తులపై ప్రస్తారాల సమూహం S3 చూడండి, అందులోని అలాంటి ఉపసమూహాల తరగతులు (మూలకాల సంఖ్యలు) 1, 2, 3 మాత్రమే కాబట్టి అన్నీ చక్రీయమే, సమూహం మాత్రం వినిమయం కాదు. ఉపసమూహాలన్నీ అభిలంబమైతే? అప్పుడూ కాదు, ఎనిమిది మూలకాల క్వాటర్నియన్ సమూహం ఉంది. రేఖీయ బీజగణితంలోనైతే సగానికి పైగా తప్పు ప్రవచనాలను 2×2 మాత్రికలే కూల్చేస్తాయి. రాత్రి పని ముగిశాక వీటిని ఒక నోటుపుస్తకంలో ఎక్కించేదాన్ని: పేజీకి ఒక ప్రవచనం, కింద దాని ప్రత్యుదాహరణ, ఆ కింద ఏ నియమం చేరిస్తే అది నిజమవుతుందో ఆ నియమం. మూడో వరుసను మాత్రం వదలకండి. ప్రత్యుదాహరణను బట్టీ పడితే పరీక్షలో మాట కాస్త మార్చగానే అది పనికిరాదు. ఏ నియమం లోపించడం వల్ల ప్రవచనం కూలిందో తెలిసినవారికే మారిన ప్రశ్న కూడా లొంగుతుంది.

దీని వల్ల లాభం ఎంఎస్‌క్యూలకే పరిమితం కాలేదు. రుణాత్మక మార్కులున్న ఎంసీక్యూల్లో కూడా రెండు ఐచ్ఛికాలను వెంటనే కొట్టివేయగలిగాను. ఎంఎస్‌క్యూ, న్యాట్ కలిపితే నూటికి యాభై మార్కులు రుణాత్మక భయం లేనివి, కాబట్టి ఆ రెండు విభాగాల్లో ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

మిగతాదంతా మీరందరూ చేసేదే. అవకల సమీకరణాలూ, బహుచర కలనమూ అభ్యాసంతో వస్తాయి, వాటికి ఉదయం వేళ సరిపోయింది. వాస్తవ విశ్లేషణకు (రియల్ అనాలిసిస్‌కు) ఐఐటీల అధ్యాపకుల ఉచిత ఆన్‌లైన్ పాఠాలైన ఎన్‌పీటెల్ పాఠాలను కళాశాల వైఫైలో దింపుకొని చూశాను. పాత ప్రశ్నపత్రాలను మూడు గంటల గడియారం పెట్టుకొని, తెర మీది కాలిక్యులేటర్‌నే వాడుతూ సాధించాను.

స్కాలర్‌షిప్ ఉంది కాబట్టి చదవగలిగావని నాతో అన్నవారున్నారు. నిజమే, అది లేకపోతే నేను డిగ్రీ మొదటి ఏడాదిలోనే పనికి వెళ్లేదాన్ని. కానీ స్కాలర్‌షిప్ కొనిపెట్టేది సమయాన్ని మాత్రమే. ఆ సమయంలో కూర్చొని చదవవలసింది మనమే. అప్పు తీరకుండా చదువేమిటన్న వారికి నేను అప్పుడు జవాబివ్వలేదు, ఇప్పుడు ఇస్తున్నాను: మూడేళ్లు అమ్మతో కలిసి పనిచేస్తూనే చదివాను, ఇంటి మీద నా చదువు కోసం కొత్తగా ఒక్క రూపాయి అప్పు పడలేదు. పేదింటి పిల్లలు చదువును పక్కన పెట్టడమే బాధ్యత అని ఎవరైనా అంటే నమ్మకండి. రోజూ ఒకే వేళకు ఒకే పని, మనసు ఉన్నా లేకపోయినా చేయగలగడమే బాధ్యత. అది వచ్చినవారికి అరకొర సమయం కూడా చాలుతుంది.

ఇక డబ్బుకూ కాగితాలకూ సంబంధించిన సంగతులు. బీసీ విద్యార్థులు రాష్ట్ర అవసరాలకు తీసుకునే కుల ధ్రువీకరణ పత్రం ఇక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఫలితాలు రాగానే సీటు దానంతట అది రాదు, ప్రవేశానికి జామ్ దరఖాస్తుల వెబ్‌సైటైన జోప్స్ పోర్టల్‌లో మళ్లీ దరఖాస్తు చేసి ప్రాధాన్య క్రమం ఇవ్వాలి. సీటు వచ్చాక గడువులోపు బుకింగ్ రుసుము కట్టాలి. మన ఇళ్లలో ఆ మొత్తం రెండు మూడు రోజుల్లో పుట్టదు కాబట్టి నేను వేసవి ప్రాజెక్టు డబ్బును ముట్టకుండా దానికోసమే ఉంచాను. ఐఐటీల్లో రాకపోతే ఎన్‌ఐటీల సీట్లకు సీసీఎంఎన్ అనే ఉమ్మడి ఎంఎస్సీ కౌన్సెలింగ్ ఉంది, దానికి వేరుగా నమోదు చేసుకోవాలి. ఇన్‌స్పైర్ అందుకుంటున్నవారు డిగ్రీతో అది ఆగిపోతుందని అనుకోవద్దు. మౌలిక శాస్త్రాల్లో ఎంఎస్సీ చేరితే మొత్తం ఐదేళ్ల వరకు కొనసాగుతుంది, కనుక చివరి ఏడాది మార్కుల పత్రాన్నీ కొత్త సంస్థలో చేరిన ధ్రువీకరణనూ చేతికందగానే పోర్టల్‌లో ఎక్కించండి.