వైన్ గ్లాసు పక్కన కంచం ఉండాల్సిందే

రెడ్ వైన్ విషయంలో నాకు మొదటినుంచీ ఒకటే అనుమానం. పుల్లగా, వగరుగా, నాలుకను పట్టేసినట్టు ఉండే దీని గురించి జనం ఇంతలా ఎందుకు మాట్లాడతారు? ఇటలీలో కియాంతి కొండల మధ్య బ్రోలియో కోట దగ్గర, ఒక్కో వంటకానికి ఒక్కో వైన్ జత చేసి పెట్టే భోజనం చేశాక ఆ అనుమానం పూర్తిగా పోయిందని చెప్పను కానీ, నేను ఇన్నాళ్లూ దాన్ని కూర లేకుండా ఉత్త అన్నం తిన్నట్టు తాగుతున్నానని మాత్రం అర్థమైంది.

బ్రోలియో ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య, గయోలె ఇన్ కియాంతి పరిధిలో ఉంటుంది. సియెనాకే దగ్గర. రికాసోలి కుటుంబం చేతికి ఈ కోట వచ్చింది 1141లో. 1141 అంటే మన కాకతీయులు ఇంకా చాళుక్యుల సామంతులుగానే ఉన్న కాలం, ఓరుగల్లు కోట సంగతి తర్వాతి మాట! కింద నుంచి సైప్రస్ చెట్ల మధ్యగా పైకి నడిస్తే, బూడిదరంగు రాతిగోడల లోపల ఎర్ర ఇటుకతో కట్టిన భాగం ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అది 19వ శతాబ్దంలో కట్టింది. గోడ మీద నిలబడితే దూరంగా సియెనా కనిపిస్తుంది, మధ్యలో అంతా ద్రాక్ష తోటలూ అడవీ. ఫోటోలు తీసుకోవడానికి అరగంట ఇవ్వండి, చాలు.

ఈ వంశంలో అందరూ చెప్పుకునే మనిషి బెత్తీనో రికాసోలి. 1861లో మొదటి ప్రధాని కావూర్ చనిపోయాక ఇటలీకి రెండో ప్రధానమంత్రి అయ్యాడు. మనిషి మహా కఠినం, అందుకే ఉక్కు బ్యారన్ అనేవాళ్లు. ఆయన దెయ్యమై తెల్ల గుర్రం మీద తిరుగుతుంటాడని అక్కడ ఇప్పటికీ కథలు చెప్తారు. రాజకీయాల సంగతి అటుంచితే, కియాంతి వైన్ ఎలా ఉండాలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1872లో పీసా ప్రొఫెసర్ ఒకాయనకు ఉత్తరం రాశాడు. వాసనా బలమూ సాంజియోవేజె ద్రాక్ష నుంచి వస్తాయి, దాని కరుకుదనాన్ని కనయోలో అనే ఇంకో ద్రాక్ష తగ్గిస్తుంది, ఇక మల్వాజియా అనే తెల్ల ద్రాక్ష కలిపితే వైన్ తేలికపడి రోజూ భోజనంలోకి బాగుంటుంది, నిల్వ ఉంచాలనుకునే వైన్‌లో మాత్రం అది వద్దు - స్థూలంగా ఇదీ ఆయన చెప్పింది. అంటే ఆ రోజుల్లోనే ఆయన మనసులో రోజువారీ భోజనం ఉంది! గైడ్ ఈ ముక్క చెప్పేసి తర్వాతి గదిలోకి వెళ్లిపోయింది గానీ, నాకు మొత్తం టూర్‌లో పనికొచ్చిన మాట అదే.

ఇంకో సంగతి. ఇలాంటి చోట్ల తొమ్మిది వందల ఏళ్ల వారసత్వం అని గొప్పగా చెప్తుంటారు కదా, నిజానికి 20వ శతాబ్దంలో వీళ్ల వైన్ వ్యాపారం బయటి కంపెనీల చేతుల్లోకి వెళ్లిపోయింది. 1993లో ఫ్రాంచెస్కో రికాసోలి దాన్ని మళ్లీ కుటుంబం చేతికి తెచ్చాడు. నాకైతే 1141 కన్నా ఈ 1993 కథే ఎక్కువ నచ్చింది. తాతలిచ్చింది కాపాడుకోవడం ఒక ఎత్తు, చేజారింది వెనక్కి తెచ్చుకోవడం ఇంకో ఎత్తు.

ఇక భోజనం. మొదటి గ్లాసు మామూలు కియాంతి క్లాసికో, అంటే ఈ కొండల్లో ప్రధానంగా సాంజియోవేజెతో చేసే రెడ్ వైన్. తిండి రాకముందే ఒక గుక్క తాగాను. బుగ్గల లోపలి భాగం ముడుచుకుపోయినట్టయింది, చిగుళ్ల మీద తడి ఆరిపోయింది. అప్పుడు వచ్చింది కాల్చిన రొట్టె ముక్క, దాని మీద మెత్తగా నూరిన కోడి లివర్. అక్కడి రొట్టెలో అసలు ఉప్పే ఉండదు, విడిగా తింటే చప్పగా ఏడుస్తుంది. లివర్‌తో కలిపి ఒక ముక్క నమిలి, మింగీ మింగకముందే రెండో గుక్క వేస్తే, ఇందాకటి వగరు ఏమైందో తెలీదు! పుల్ల చెర్రీ పండులాంటి రుచి బయటికొచ్చింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే టానిన్లనే వగరు పదార్థాలు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి, అందుకే నోరు పిడచకట్టుకుపోతుంది. నోట్లో మాంసం, కొవ్వు ఉంటే వాటి పట్టు అటు మళ్లుతుంది. సాంజియోవేజెకు పులుపు కూడా ఎక్కువే కాబట్టి ఆ కొవ్వు జిడ్డును అది కడిగేస్తుంది.

మా ఆవిడ మాంసం ముట్టదు. బుకింగ్ అప్పుడే చెప్పాం కాబట్టి ఆమెకు రొట్టె, టమాటా కలిపి వండిన చిక్కటి సూప్ పెట్టారు, అది కూడా అదే వైన్‌తో బ్రహ్మాండంగా కుదిరింది. టమాటా పులుపు పక్కన వైన్ పులుపు తెలియదు. పులుపు లేని వైన్ అయితే టమాటా ముందు తేలిపోయేది. శాకాహారులు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: అక్కడి గొర్రెపాల చీజ్ పెకొరీనోను మామూలుగా దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తోనే పాలు విరిచి చేస్తారు, పట్టింపు ఉంటే ముందే అడగాలి.

రెండో గ్లాసు రిసెర్వా, అంటే కనీసం 24 నెలలు ఆగిన వైన్. దాంతో అడవిపంది మాంసం వండి కలిపిన వెడల్పాటి పాస్తా. అక్కడ అడవిపందులు తోటల్లో పడి ద్రాక్ష మేసేస్తాయట, కంచెలు కట్టుకుంటారు. ద్రాక్ష తిన్నదీ, ద్రాక్ష రసమూ ఒకే టేబుల్ మీదికి రావడం నాకు భలే న్యాయంగా అనిపించింది. నా ఓటు ఈ జంటకే.

మూడోది గ్రాన్ సెలెజియోనె, అన్నిటికన్నా పై మెట్టు, 30 నెలల నిల్వ, దాంతో బాగా ముదిరిన పెకొరీనో. బాగుంది. కానీ మొహమాటం లేకుండా చెప్పాలంటే రిసెర్వా కన్నా అంత ఖరీదు ఎందుకో నా నాలుకకు అందలేదు. పక్క టేబుల్ వాళ్లు మాత్రం కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు, వాళ్లకి అందినట్టుంది.

అన్నట్టు, కారు మీరే నడపాలనుకుంటే ఈ భోజనం పెట్టుకోకండి. పోసేది తక్కువే అనిపిస్తుంది గానీ నాలుగు గ్లాసులు కలిస్తే తక్కువేం కాదు. ఇటలీలో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, ఆ రోడ్లేమో అన్నీ మలుపులు. రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర అడిగితే ఇస్తారు, ఎవరూ వింతగా చూడరు.

చివర్లో విన్ సాంతో వచ్చింది. ద్రాక్షను కోసి నెలల తరబడి ఎండబెట్టి, పిండి, చిన్న పీపాల్లో పోసి మూతలు బిగించి, ఎండకూ చలికీ గురయ్యేలా అటక మీద ఏళ్లకేళ్లు వదిలేస్తారు. తేనెరంగు, ఎండుద్రాక్ష తీపి. ఇందులో ఉండేది మల్వాజియా. బ్యారన్ ఉత్తరంలో మూడో పేరు ఇదే కదా, 2006 నుంచి కియాంతి క్లాసికోలో తెల్ల ద్రాక్ష కలపడం నిషేధించారు, పాపం దానికి ఇలా తీపి వైన్‌లో చోటు మిగిలింది. అప్పటిదాకా గ్లాసులు నా వైపు నెడుతూ వచ్చిన మా ఆవిడ దీన్ని మాత్రం ఇవ్వలేదు.

పక్కన బాదం బిస్కెట్లు పెట్టారు. వైన్‌లో ముంచకండి, దేనికదే తినాలి అని వడ్డించినాయన సున్నితంగానే చెప్పాడు, ముక్కలు పడితే ఇన్నేళ్లు కష్టపడి చేసిన వైన్ పాడవుతుందని ఆయన బాధ. కానీ ఆ బిస్కెట్లు రాళ్లలా ఉన్నాయి. ఆయన అటు తిరగ్గానే ముంచుకుని తిన్నాను, చాలా బాగుంది.