తిన్నావా తల్లీ

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున రైతుబజారులో దానిమ్మకాయలు బాగున్నాయని రెండు కేజీలు తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం అత్తయ్యగారికి దానిమ్మ వలిచి పెట్టడం నాకు అలవాటు. ఆవిడ ఒక్కో గింజ నోట్లో వేసుకుని, రసం పీల్చి, పిప్పి తీసి పళ్ళెం అంచున పెడతారు. గిన్నెడు గింజలు తినడానికి గంట పడుతుంది. ఆ గంటా మేమిద్దరం కబుర్లు చెప్పుకుంటాం. ఈవేళ ఆ గంటలోనే నా మనసులో పది రోజులుగా నలుగుతున్న ఒక విషయం కొంచెం తేలికపడింది, అందుకే నిద్రొస్తున్నా రాసుకుంటున్నాను.

పోయిన నెల అమ్మాయి వచ్చినప్పుడు మంచం పక్కన ఒక నవల వదిలేసి వెళ్ళింది. ఇంగ్లీషు పుస్తకం, ఐదొందల పేజీల పైనే. నల్ల అట్ట మీద బంగారు రంగులో దానిమ్మకాయ బొమ్మ. గ్రీకు పురాణంలో పాతాళరాజు హేడీస్‌కీ, పూలు కోసుకునే పిల్ల పెర్సెఫొనీకీ ప్రేమకథ. "చదువమ్మా, నీకు తప్పకుండా నచ్చుతుంది" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటూనే ఉంది. నిజంగానే నచ్చింది. పాతాళంలో కొలువు, మంత్రుల ఎత్తులు, విషం కలిపిన గిన్నెలు, ఎవరు ఎవరి మనిషో చివరిదాకా తెలియని టెన్షన్. రాజు మీద మనసు పడ్డ మింథీ అనే అమ్మాయి కుట్రలు వేరే. ఆ మింథీ పాత కథల్లో కూడా ఉందట. పెర్సెఫొనీ కాలితో తొక్కితే పుదీనా మొక్క అయిందని చెప్పుకున్నారు. అది తెలిశాక పుదీనా కట్ట విప్పుతుంటే చేయి ఒక్క క్షణం ఆగింది.

నాకు కష్టం కలిగించింది మాత్రం తల్లి పాత్ర. నవల్లో పెర్సెఫొనీ తల్లి, పంటల దేవత డిమీటర్, కూతుర్ని గాజు తోటలో పెట్టి తాళం వేస్తుంది. దొంగ ఉత్తరాలు రాయిస్తుంది, కూతురు నవ్వితే ఓర్చుకోలేదు. అసలు విలన్ ఆవిడే. అక్కడ పుస్తకం మూసేసి, పాత కథలో ఏముందో చూద్దామని రెండు రాత్రులు కూర్చుని మూలానికి చేసిన ఇంగ్లీషు అనువాదం చదివాను.

డిమీటర్ స్తోత్రం అంటారు దాన్ని. ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరు మీద వచ్చిన స్తోత్రాల్లో ఒకటి. హోమర్ రాసింది కాదు కానీ చాలా పాతది, రెండున్నర వేల ఏళ్ళ పైమాట. మొత్తం 495 పాదాలు. పిల్ల పచ్చికలో పూలు కోసుకుంటూ ఉంటుంది. ఒకే వేరు నుంచి నూరు పూలు విచ్చిన నార్సిసస్ కనిపిస్తుంది. రెండు చేతులూ చాచి కోయబోతే నేల విచ్చుకుంటుంది, హేడీస్ రథం పైకొస్తుంది. పిల్ల "నాన్నా" అని అరుస్తుంది. ఆ నాన్న, దేవతల రాజు జియస్, దూరంగా ఒక గుళ్ళో కూర్చుని నైవేద్యాలు అందుకుంటూ ఉంటాడు. పిల్లని తమ్ముడు హేడీస్... కాదు, హేడీస్ అన్నే అవుతాడు, అన్నకిస్తానని మాటిచ్చింది ఆయనే. నూరు పూల ఎర వేయించిందీ ఆయన ఇష్టప్రకారమే. తల్లికి ఒక్క మాట చెప్పలేదు.

తొమ్మిది రోజులు డిమీటర్ రెండు చేతుల్లో దివిటీలు పట్టుకుని భూమంతా తిరుగుతుంది. తిండి లేదు, స్నానం లేదు. దేవతల్లో గానీ మనుషుల్లో గానీ నిజం చెప్పేవాళ్ళు లేరు. ఒక్క పక్షి కూడా కబురు తేలేదని రాశాడు కవి. పదో రోజు హెకటీ అనే దేవత వచ్చి కేక విన్నాను గానీ ఎవరో చూడలేదంటుంది. ఇద్దరూ కలిసి సూర్యుణ్ణి అడుగుతారు. నవల్లో ఎన్ని విషపు గిన్నెలు పెట్టినా, కొలువులో కుట్ర అంటే నాకు ఇదే అనిపించింది. అందరికీ తెలుసు, అందరూ నోరు మూసుకున్నారు, తెలియంది కన్నతల్లికి ఒక్కదానికే.

దానిమ్మ వలుస్తూ ఇదంతా అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆ తీసుకుపోయినవాడు ఆ తల్లికి ఏమవుతాడే?" అన్నారు.

"తోడబుట్టినవాడే అత్తయ్యా."

"అంటే మేనమామేగా! మేనమామకిస్తే అంత గోలెందుకూ?"

సూర్యుడు కూడా అచ్చం ఇదే అంటాడు. ఎందుకమ్మా ఏడుస్తావు, నీ సొంత తమ్ముడు, రాజ్యమున్నవాడు, తగని అల్లుడేం కాదు కదా అని. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంగ్లీషువాళ్ళు ఇది చదివి ముఖం చిట్లిస్తారు గానీ మన ఇళ్ళలో మేనరికం కొత్తా? అయితే హేడీస్ అటు జియస్‌కి కూడా తోడబుట్టినవాడేనని చెప్పేసరికి అత్తయ్యగారు గింజ నోటి దగ్గరే ఆపేశారు. "అయ్యో, పెదనాన్న అవుతాడే! అదెక్కడి వరసే!"

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పిప్పి తీసి పళ్ళెంలో పెడుతూ, నేను ఈ ఇంటికొచ్చిన పాతికేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట చెప్పారు. ఆవిడకీ మేనమామతోనే పెళ్ళి. అది నాకు తెలుసు. తెలియనిదేమిటంటే, తాంబూలాలు పుచ్చుకున్న రోజున ఆవిడ అమ్మ ఊళ్ళోనే లేదట, చెల్లెలి పురిటికి వెళ్ళిందట. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. "నీ తమ్ముడేగా, నిన్నడిగేదేముంది అన్నారట మా నాన్న. మా అమ్మ ఏమీ అనలేదు. రెండు రోజులు అన్నం తినలేదని మా పెద్దక్క చెప్పింది." ఆవిడకి పెళ్ళయ్యేనాటికి పద్నాలుగేళ్ళు. మామయ్యగారు మంచివారు, ఆవిణ్ణి బాగా చూసుకున్నారు. ఆ రెండు రోజులూ మాత్రం అలాగే ఉండిపోయాయి.

డిమీటర్ రెండు రోజులతో ఆగలేదు. ముసలమ్మ వేషంలో ఏథెన్స్‌కి ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్యూసిస్ ఊరికి వచ్చి, దారి పక్కన ఒక బావి దగ్గర కూర్చుంటుంది. కంచు బిందెలతో నీళ్ళకొచ్చిన రాజుగారి నలుగురు కూతుళ్ళు "ఎవరు మామ్మా నువ్వు?" అని పలకరిస్తారు. ఆ తల్లికి ఎలా ఉండి ఉంటుందో, అప్పుడే కూతుర్ని పోగొట్టుకున్న మనిషి ఎదురుగా నలుగురు ఆడపిల్లలు లేడిపిల్లల్లా పరుగెత్తుతుంటే. రాణిగారింట్లో ద్రాక్షసారా ఇస్తే వద్దని, బార్లీ పిండీ నీళ్ళూ పుదీనా జాతి ఆకూ కలిపిన పానకం అడిగి తాగుతుంది. అక్కడ ఆ ఇంటి పసివాణ్ణి సాకడం, అది చెడిపోవడం పెద్ద కథ. చివరికి తనకు కట్టించిన గుళ్ళో తలుపేసుకుని కూర్చుంటుంది. ఏడాదిపాటు గింజ మొలవదు. ఎడ్లు వట్టినే నాగలి లాగాయి, బార్లీ వట్టినే నేలలో పడింది అంటాడు కవి. జియస్ ముందు కబురు మోసే దేవత ఐరిస్‌ని పంపాడు, తర్వాత దేవతలందర్నీ ఒక్కొక్కరినే పంపాడు. ఆవిడ లొంగలేదు. నా కూతుర్ని కళ్ళారా చూసేదాకా దేవతలుండే ఒలింపస్ కొండ గడప తొక్కను అంది. విలన్‌గా రాసింది ఈ తల్లినా అని నాకు నిజంగా దుఃఖం వచ్చింది.

చివరికి దేవతల దూత హెర్మీస్ పాతాళానికి వెళ్ళి పిల్లని తీసుకొస్తాడు. రథం దూకి పిల్ల తల్లి మెడ చుట్టుకుంటుంది. అప్పుడు ఆ తల్లి మొదట అడిగిన మాట చదివి కాసేపు పుస్తకం కేసి చూడలేకపోయాను. "బిడ్డా, అక్కడ ఉన్నప్పుడు ఏమైనా తిన్నావా?"

రోజూ రాత్రి ఫోన్ తియ్యగానే నేనడిగే మాట. మా అమ్మ నన్నడిగిన మాట. ఆవిడ అడిగింది వేరే భయంతో. పాతాళంలో ముద్ద నోట పెడితే పూర్తిగా తిరిగిరావడం ఉండదు. అయినా ఆ ప్రశ్న ఎవరిదో నాకు బాగా తెలుసు.

ఇంకో సంగతి చదివి ఆశ్చర్యపోయాను. ఈ స్తోత్రం పూర్తి ప్రతి వందల ఏళ్ళు ఎవరికీ దొరకలేదు. 1777లో మాస్కోలో ఒక రాతప్రతి బయటపడింది, ఇప్పుడది హాలెండులో లైడెన్ ఊళ్ళో ఉంది. ఆ ప్రతిలో ఒక పేజీ నిలువునా చిరిగిపోయింది. ఆ చిరుగు పడింది సరిగ్గా తల్లీకూతుళ్ళు కలుసుకునే చోట. ఆ ప్రశ్నలోని కొన్ని మాటలు కూడా ఆ చిరుగులోనే పోతే పండితులు ఊహించి పూరించారు.

సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా గడగడా చెప్పాను. నీ నవల ఆ తల్లికి చాలా అన్యాయం చేసిందే అన్నాను. అది ఓపిగ్గా విని, "సరేగానీ అమ్మా, నీ పాత పద్యంలో ఆ అమ్మాయికి ఏం కావాలో ఎవరైనా అడిగారా? నాన్న అడగలేదు. మీ సూర్యుడు అడగలేదు. వాళ్ళమ్మ కూడా తిన్నావా అంది గానీ ఎలా ఉన్నావు అనలేదు. నవలల్లో అయినా అడుగుతున్నారు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి ఒక ఫొటో పంపింది. ఇటలీ దక్షిణాన లోక్రీ అనే పాత గ్రీకు ఊళ్ళో దొరికిన మట్టి ఫలకం, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దానిది. పెర్సెఫొనీ, హేడీస్ పక్కపక్కన సింహాసనం మీద కూర్చున్నారు. ఆమె ముందు, అతను వెనక. ఆమె చేతిలో గోధుమ కంకులు. ఆ ఊళ్ళో పెళ్ళికూతుళ్ళు పెర్సెఫొనీకే మొక్కుకునేవారట. ఆ ముఖం ఏడుస్తున్న పిల్ల ముఖం కాదు, ఒప్పుకుంటున్నాను.

ఫోన్ పెట్టేశాక స్తోత్రంలో గింజ తినిపించే చోటు మళ్ళీ తీసి చదివాను. వెళ్ళిపోవచ్చని తెలియగానే పెర్సెఫొనీ సంతోషంతో గభాల్న లేస్తుంది. అది స్పష్టంగా ఉంది. హేడీస్ గుట్టుగా ఒక దానిమ్మ గింజ ఇచ్చాడు, తేనెలాంటి తియ్యటి గింజ, అంటాడు కవి. ఒక్కటే గింజ. ఏడు గింజల లెక్క తర్వాత ఎప్పుడో రోమన్ కవి ఓవిడ్ లాటిన్‌లో రాసింది. బలవంతం అన్న మాట కవి అనడు. తల్లి అడిగినప్పుడు కూతురు మాత్రం, నాకిష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడమ్మా అంటుంది. కవి మాట ఒకటి, కూతురు మాట ఇంకొకటి. పైగా ఆ బలవంతం గురించి చెబుతూనే ఆ గింజని తనూ తేనెలా తియ్యటిది అంటుంది! నేల చీల్చుకొచ్చి ఎత్తుకుపోయినవాడి తప్పు దీంతో పోదు. ఆ కేక ఎవరూ కాదనలేరు. కానీ ఈ నవలలన్నీ పుట్టింది ఆ రెండు మాటల మధ్య ఉన్న సందులోంచే అని నాకు ఈవేళ తట్టింది. అమ్మకి చెప్పేటప్పుడు ఏ కూతురైనా మాట కొంచెం సర్దుకుంటుంది. నేనూ సర్దాను.

అత్తయ్యగారికి రాజీ కథ బాగా నచ్చింది. చివరికి డిమీటర్‌కీ జియస్‌కీ హేడీస్‌కీ అమ్మ అయిన రియా స్వయంగా దిగొచ్చి డిమీటర్‌కి నచ్చజెప్పి ఒప్పిస్తుంది. ఏడాదిలో మూడోవంతు అక్కడ, మిగతా రెండు వంతులు అమ్మ దగ్గర. "పెద్దావిడ వస్తే గానీ తెగలేదన్నమాట" అన్నారు. రెండు వంతులు పుట్టింట్లో అంటే మంచి బేరమేనని కూడా అన్నారు. మా అమ్మాయి మాకు సంవత్సరానికి దొరికేది దసరాకి నాలుగు రోజులు, సంక్రాంతికి ఐదు.

ఇందాక తొమ్మిదింటికి అమ్మాయి మళ్ళీ చేసింది.

"తిన్నావా తల్లీ?"

"తిన్నానమ్మా. బెండకాయ వేపుడు, మజ్జిగపులుసు."

దానికి వంట రాదు. పూణేలో దానికి డబ్బా పంపేది మరాఠీ ఆవిడ. రొట్టెలు, ఉసళ్ అనే మొలకల కూర, ఆదివారమైతే అదీ లేదు. గదిలో ఉండే మిగతా ఇద్దరిదీ నాగపూర్.

"బాగుందా?" అన్నాను.

"చాలా బాగుంది. ఆవపెట్టి చేశారు, అచ్చం మనింట్లో లాగే" అంది, గొంతులో నవ్వు దాచుకుంటూ.

ఎవరు చేశారన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. పసుపు తక్కువేస్తే ఇంకా బాగుంటుందని చెప్పు అన్నాను. కొంచెం ఆగి, "సరే, చెప్తా" అంది.

నవల్లో ఇంకా ఎనభై పేజీలున్నాయి. గింజ తినే అధ్యాయం ఇంకా రాలేదు.